డిప్రెషన్‌లో హార్మోన్ పరీక్షలు: డెక్సా మాత్ర వేశాక రక్తం ఎప్పుడు తీయాలి?

ప్రోటోకాల్_పుస్తకం

డిప్రెషన్ అధ్యయనం ఒకదానికి ప్రోటోకాల్ రాస్తున్నాను. ఇప్పటికి రాసింది ఇది: రాత్రి 11కి డెక్సామెథాసోన్ (కార్టిసాల్ తయారీని అణచే స్టెరాయిడ్ మాత్ర) 1 మిల్లీగ్రాము, మర్నాడు పొద్దున 8కి సీరం కార్టిసాల్ (రక్తంలోని ఒత్తిడి హార్మోన్), డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటితే "అణగలేదు" అని నమోదు. పొద్దుటి శాంపిల్ ఒక్కటి సరిపోతుందా? దీని బదులు డెక్స్-సీఆర్‌హెచ్ (డెక్సా మాత్ర తర్వాత, కార్టిసాల్‌ను లేపే సీఆర్‌హెచ్ హార్మోన్ ఎక్కించి చూసే పరీక్ష) పెట్టుకుంటే మేలా? ఏ మందులు వాడేవాళ్లను పక్కన పెట్టాలి?

అక్షం

మీరు రాసింది కుషింగ్స్ జబ్బును (ఒంట్లో కార్టిసాల్ మితిమీరే జబ్బు) పట్టే పరీక్ష. మాత్ర అదే, మోతాదు అదే, కానీ అడిగే ప్రశ్న వేరు. కుషింగ్స్‌లో కార్టిసాల్ సాధారణంగా సరిగా అణగదు కాబట్టి పొద్దున 8కే తెలిసిపోతుంది. డిప్రెషన్‌లో చాలామందికి పొద్దున అణిగే ఉంటుంది, మధ్యాహ్నం దాటాక మళ్లీ లేస్తుంది. ఆ ముందస్తు లేవడాన్నే మనం వెతుకుతున్నాం. పొద్దున ఒక్కసారి తీసి ఊరుకుంటే అసలు సంగతి జరగకముందే తలుపు మూసేసినట్టు.

బెర్నార్డ్ కారల్ బృందం 1981లో ప్రామాణికం చేసిన పద్ధతి ఇదీ: రాత్రి 11 ప్రాంతంలో 1 మిల్లీగ్రాము, మర్నాడు సాయంత్రం 4కి, రాత్రి 11కి రక్తం. ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా 5 మైక్రోగ్రాములు దాటితే అణగనట్టు లెక్క. అసాధారణ ఫలితాల్లో 98 శాతం ఈ రెండు శాంపిళ్లతోనే దొరికాయి. మాత్రకు ముందు తీసిన బేస్‌లైన్ కార్టిసాల్ వల్ల ప్రయోజనం కనబడలేదు. 2 మిల్లీగ్రాముల కంటే 1 మిల్లీగ్రామే మేలని తేల్చిందీ ఆ పనే.

1.8 అనే గీత కుషింగ్స్‌ది, 5 అనే గీత మెలాంకలియాది (డిప్రెషన్‌లో తీవ్రమైన ఒక రకం). యూనిట్లు మార్చుకునేటప్పుడు 27.6తో గుణించండి: 1.8 అంటే లీటరుకు సుమారు 50 నానోమోళ్లు, 5 అంటే 138. నివేదికలో యూనిట్ చూడకుండా అంకె ఒక్కటే ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే పట్టిక మొత్తం పాడవుతుంది.

సెంట్రిఫ్యూజ్

అక్షం గారు చెప్పినదానికి ఒక మెలిక ఉంది. ఆ 5 అనే గీతను అప్పటి కొలత పద్ధతి మీద గీశారు. ఈనాటి ఇమ్యూనోఅస్సే యంత్రాలు (యాంటీబాడీలతో హార్మోన్‌ను కొలిచేవి) ఒక్కో కంపెనీవి ఒక్కో రకంగా చదువుతాయి. లిక్విడ్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువును దాని బరువును బట్టి గుర్తించే పద్ధతి) అంకెలు ఇమ్యూనోఅస్సే కంటే సాధారణంగా తక్కువ వస్తాయి. 5 దగ్గర నిలబడిన ఫలితం కిట్ మారితే అటో ఇటో పడుతుంది. అందుకని పాత గీతతో అవును-కాదు అని తేల్చకుండా అంకెను అంకెగానే విశ్లేషించండి. అధ్యయనం పొడవునా ఒకే యంత్రం, వీలైతే ఒకే లాట్ రీఏజెంట్. ఒక వ్యక్తి శాంపిళ్లన్నీ ఒకే రన్‌లో నడపాలి.

ల్యాబ్ వైపు ఇంకో రెండు ఉచ్చులు. మొదటిది బయోటిన్. జుట్టుకోసం, గోళ్లకోసం వాడే బిళ్లల్లో ఇది మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది. స్ట్రెప్టావిడిన్-బయోటిన్ మీద నడిచే కాంపిటీటివ్ అస్సేల్లో కార్టిసాల్‌ను లేనిపోని ఎత్తుకు చూపిస్తుంది. "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే ఎవరూ దీన్ని చెప్పరు, విటమిన్లని విడిగా అడగాలి. రెండోది ప్రెడ్నిసొలోన్. చాలా కిట్లు దాన్ని కార్టిసాల్ అనుకుని కొలిచేస్తాయి. డెక్సామెథాసోన్‌కు ఆ ఇబ్బంది దాదాపు లేదు, ఈ పరీక్షకు దాన్ని ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

వార్డు_గడియారం

మాత్ర నిజంగా లోపలికి వెళ్లిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంటికిచ్చి పంపితే కొందరు మరిచిపోతారు, కొందరు 9కే వేసుకుని పడుకుంటారు, కొందరు అర్ధరాత్రి దాటాక వేసుకుంటారు. అసలు వేసుకోనివాళ్ల రక్తం "అణగలేదు" అనే వస్తుంది. వార్డులోనైతే ఎదుట నిలబడి మింగించి నోరు చూసి, నిమిషంతో సహా సమయం రాయండి. ఇంట్లోనైతే 10:50కి ఫోన్, మింగాక మళ్లీ ఒక మెసేజ్. రెండు గంటల్లోపు వాంతి అయితే ఆ రోజుకి రద్దు. అదే రాత్రి ఇంకో మాత్ర ఇచ్చి సరిపెట్టకండి, కనీసం వారం ఆగి మొదటినుంచి మొదలుపెట్టండి.

వీటితో పాటు, శాంపిల్ తీసేటప్పుడే డెక్సామెథాసోన్ స్థాయి కూడా కొలిపించండి. కుషింగ్స్ పరీక్షలో పొద్దున 8కి లీటరుకు 3.3 నానోమోళ్ల కంటే తక్కువుంటే మాత్ర సరిగా అందలేదని అనుమానిస్తారు. సాయంత్రం 4కి ఆ అంకె వర్తించదు, అప్పటికి మందు ఇంకా కరిగిపోతుంది. మీ పోలికల గుంపులో అదే గంటకు ఎంత ఉందో చూసి, దానితో తూకం వేసుకోవాలి.

అక్షం

డెక్సా స్థాయి ఎందుకు అంత ముఖ్యమో చెబుతాను. అణగనివాళ్లలో రక్తంలో డెక్సామెథాసోన్ సగటున తక్కువగా ఉంటుందని పాత పరిశోధనల్లోనే బయటపడింది. అంటే మనం "ఫీడ్‌బ్యాక్ (కార్టిసాల్ తయారీని తగ్గించే అదుపు) చెడింది" అంటున్నవాళ్లలో కొందరికి ఫీడ్‌బ్యాక్ బాగానే ఉంది, కాలేయం మందును తొందరగా తోసేసిందంతే. కార్టిసాల్ అంకెతో పాటు డెక్సా అంకె లేకపోతే ఈ రెండూ విడదీయలేం.

మందుల సంగతి. డెక్సామెథాసోన్‌ను కరిగించేది సీవైపీ3ఏ4 ఎంజైమ్. కార్బమజెపీన్, ఫెనిటోయిన్, ఫెనోబార్బిటాల్, రిఫాంపిసిన్ ఆ ఎంజైమ్‌ను రెచ్చగొడతాయి, ఫలితం దొంగ పాజిటివ్. మూడ్ అదుపుకోసం కార్బమజెపీన్ వాడేవాళ్లు మీ అధ్యయనంలోకి తప్పకుండా వస్తారు, వాళ్లను మొదట్లోనే వేరు చేయండి. ఇట్రాకొనజోల్, రిటోనవిర్ లాంటివి ఎంజైమ్‌ను కట్టేస్తాయి. డెక్సా ఎక్కువసేపు నిలిచి, లేవాల్సిన కార్టిసాల్ కూడా లేవదు.

నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ కార్టిసాల్‌ను మోసే గ్లోబ్యులిన్‌ను పెంచుతుంది, దాంతో మొత్తం కార్టిసాల్ ఎక్కువ కనబడుతుంది. గర్భనిరోధక మాత్రలు ఆపితే ఆరు వారాలు ఆగాలి. ఆపడం కుదరనివాళ్లను తీసుకోకండి. ఆస్తమా ఇన్‌హేలర్లు, చర్మపు క్రీములు, కీళ్లలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఇవన్నీ పేరుపేరునా అడగాలి.

యాంటీడిప్రెసెంట్లూ ఊరుకోవు. మిర్టజపీన్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే కార్టిసాల్‌ను దించుతుంది, మనిషి మెరుగవకముందే. ఉన్న మందుకు లిథియం కలిపితే డెక్స్-సీఆర్‌హెచ్ స్పందన పెరుగుతుంది. ఫ్లూఆక్సెటీన్ ఆపాక దాని మెటబొలైట్ అయిదు వారాల దాకా ఒంట్లో తిరుగుతుంది, "రెండు వారాలు ఆపాం" అని రాస్తే అది ఆపినట్టు కాదు. పైగా కేవలం పరీక్షకోసం బాగా పనిచేస్తున్న మందును ఆపించడం తప్పు. మందు మొదలుపెట్టనివాళ్లను తీసుకోండి, లేదా మోతాదు మారకుండా ఉన్నవాళ్లను తీసుకుని ఆ మందును లెక్కలో చేర్చండి.

సున్నాలెక్క

ఈ పరీక్షతో డిప్రెషన్ నిర్ధారిస్తామని ప్రోటోకాల్‌లో ఎక్కడైనా రాసి ఉంటే కొట్టేయండి. 1981 అంకెలు సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో పాజిటివ్ వచ్చేవాళ్లు) 67 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో నెగటివ్ వచ్చేవాళ్లు) 96 శాతం. అవి మెలాంకలియాకు, అన్ని రకాల డిప్రెషన్‌కు కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ టాస్క్‌ఫోర్స్ 1987లో మొత్తం సాహిత్యాన్ని చూసి, మేజర్ డిప్రెషన్‌లో సెన్సిటివిటీ 40-50 శాతమే అని చెప్పింది.

సరే, ఆ మంచి అంకెలే తీసుకుందాం. వెయ్యిమందిలో సగంమందికి మెలాంకలియా ఉన్న వార్డులో 335 నిజమైన పాజిటివ్‌లు, 20 దొంగవి. పాజిటివ్ వస్తే 94 శాతం నమ్మొచ్చు. అదే వెయ్యిమందిలో యాభైమందికే ఉన్న అవుట్‌పేషెంట్ క్లినిక్‌కు తీసుకెళ్లండి. నిజమైనవి 33 లేదా 34, దొంగవి 38. నాణెం ఎగరేసినా ఇంతే. స్పెసిఫిసిటీ 85కి పడిందనుకుందాం, దొంగవి 142 దాటుతాయి, నమ్మకం 19 శాతానికి జారుతుంది.

స్పెసిఫిసిటీ పడుతుందా అంటే పడుతుంది. బరువు తగ్గడం, మద్యం మానిన తొలి వారాలు, అదుపులో లేని మధుమేహం, డిమెన్షియా, జ్వరం, ఆస్పత్రిలో చేరిన తొలి రెండు మూడు రోజుల ఒత్తిడి, వీటన్నిటిలో కార్టిసాల్ అణగకపోవచ్చు.

కొత్తగా_వచ్చాను

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. డిప్రెషన్ ఉందో లేదో చూడటానికని ఉదయం ఒక్క కార్టిసాల్ పరీక్ష రాసేవాళ్లున్నారు కదా, దానివల్ల ఏమైనా తెలుస్తుందా?

సున్నాలెక్క

డిప్రెషన్ గురించి ఏమీ తెలియదండి. కార్టిసాల్ పొద్దున ఎత్తులో ఉండి రాత్రికి దిగుతుంది, మధ్యలో గంటగంటకూ అలలుగా లేస్తుంది. సూది గుచ్చిన భయానికే పెరగొచ్చు. మామూలు హద్దుల్లో ఉన్నంత మాత్రాన డిప్రెషన్ లేదని కాదు, ఎక్కువున్నంత మాత్రాన ఉందనీ కాదు. నిర్ధారణ లక్షణాలు చూసి, మాట్లాడి చేసేదే. చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే ఏ రక్తపరీక్ష కోసమూ ఆగకూడదు, ఆరోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

అక్షం

మరి ఎందుకు చేస్తున్నాం అంటారేమో. గుంపుల మధ్య తేడా నిజంగా ఉంది: మామూలు డిప్రెషన్ కంటే భ్రమలతో కూడిన సైకోటిక్ డిప్రెషన్‌లో అణగనివాళ్లు ఎక్కువ. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆస్పత్రిలో చేరిన 78 మందిని 15 ఏళ్లు గమనించారు. ఆత్మహత్య ప్రమాదం అణగనివాళ్లలో 26.8 శాతం, అణిగినవాళ్లలో 2.9 శాతం అని అంచనా వేశారు. గుంపు చిన్నది, ఒక మనిషి భవిష్యత్తును దీంతో చెప్పలేం. "అణిగింది కాబట్టి ప్రమాదం లేదు" అన్న భరోసా మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి.

పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్‌లో (ఘోరమైన అనుభవం, అంటే ట్రామా, తర్వాత వచ్చే జబ్బు) వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ కార్టిసాల్ మరీ ఎక్కువగా అణుగుతుంది. అది కనబడాలంటే 1 మిల్లీగ్రాము పనికిరాదు, అందరి కార్టిసాల్ నేలకు దిగిపోతుంది. 0.5 ఇవ్వాలి. మీ గుంపులో డిప్రెషన్‌తో పాటు ట్రామా ఉన్నవాళ్లను కలిపేస్తే ఒకరి పెరుగుదలను ఇంకొకరి తరుగుదల కొట్టేసి, తేడా లేదని వస్తుంది.

ప్రోటోకాల్_పుస్తకం

చాలా ఉపయోగపడింది. 8 గంటల శాంపిల్ తీసేసి 4, 11 పెడుతున్నాను. ఇక డెక్స్-సీఆర్‌హెచ్ సంగతి చెప్పండి. చదివిన రెండు చోట్ల మోతాదులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

వార్డు_గడియారం

పొసగవు, ఎందుకంటే ఒకే పేరుతో రెండు పరీక్షలున్నాయి. కుషింగ్స్‌కు చేసేదాంట్లో డెక్సామెథాసోన్ 0.5 మిల్లీగ్రాము ఆరు గంటలకోసారి రెండు రోజులు ఇచ్చి, చివరి మోతాదు తర్వాత రెండు గంటలకు గొర్రె రకం సీఆర్‌హెచ్ కిలోకు 1 మైక్రోగ్రాము ఇస్తారు. మీకు కావలసింది అది కాదు.

మ్యూనిక్‌లో డిప్రెషన్‌కోసం తయారైన పద్ధతిలో రాత్రి 11కి 1.5 మిల్లీగ్రాములు, ఒకే మోతాదు. మర్నాడు మధ్యాహ్నం 2:30కి ముంజేతిలో కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి సెలైన్‌తో తెరిచి ఉంచాలి. 3 గంటలకు మొదటి శాంపిల్, వెంటనే మానవ రకం సీఆర్‌హెచ్ 100 మైక్రోగ్రాములు, అర నిమిషంలో నరంలోకి. తర్వాత 3:30, 3:45, 4:00, 4:15కి శాంపిళ్లు. గొర్రె రకం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, దాన్ని దీనికి బదులుగా వాడితే కార్టిసాల్ వంపు ఆకారమే మారిపోతుంది.

కాన్యులా పెట్టాక అరగంట ఆగడం మర్యాదకోసం కాదు. గుచ్చినప్పుడు లేచిన ఒత్తిడి దిగాలి. ఆ గంటా నలభై అయిదు నిమిషాలూ మనిషి సగం వాలి పడుకోవాలి, నిద్రపోకూడదు, తినకూడదు, పొగ తాగకూడదు. సీఆర్‌హెచ్ వెళ్లగానే ముఖం, మెడ ఎర్రబడి వేడెక్కుతాయి, నోట్లో లోహపు రుచి రావొచ్చు, రక్తపోటు కాసేపు తగ్గొచ్చు. ముందే చెప్పకపోతే భయపడతారు, ఆ భయం కార్టిసాల్‌లో కనబడుతుంది. ప్రతి శాంపిల్‌కు ముందు 2-3 మిల్లీలీటర్లు తీసి పారేయండి, లేకపోతే సెలైన్ కలిసిన రక్తాన్ని కొలుస్తారు.

సెంట్రిఫ్యూజ్

కార్టిసాల్ మొండిది, గది వేడిలో కొన్ని గంటలున్నా చెడదు. ఏసీటీహెచ్ (మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చి కార్టిసాల్‌ను తయారు చేయించే హార్మోన్) మాత్రం గాజుకు అంటుకుంటుంది, ఎర్రకణాలు పగిలితే విరుగుతుంది. ముందే చల్లబరిచిన ప్లాస్టిక్ ఈడీటీఏ ట్యూబు, తీయగానే ఐసు నీళ్లలోకి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మాను వెంటనే గడ్డకట్టించాలి. ఎర్రబారిన ప్లాస్మా వస్తే అంకె రాయకుండా "హీమోలైసిస్" అని రాయండి. కార్టిసాల్ పెరిగి ఏసీటీహెచ్ చదునుగా ఉంటే శరీరశాస్త్రంలో అర్థం వెతికే ముందు ఐసు డబ్బాలో ఐసు ఉందా అని అడగండి.

శాంపిళ్ల అంకెలతో గీసిన వంపు కింది విస్తీర్ణం ట్రెపిజాయిడ్ పద్ధతిలో (పక్కపక్క అంకెల సగటును మధ్య నిమిషాలతో గుణించి కూడటం) వేసుకోవాలి. ఉదాహరణకు కార్టిసాల్ 1, 6, 8, 7, 5 వచ్చిందనుకుందాం. మొదటి విరామం 30 నిమిషాలు, మిగతా మూడూ 15. కాబట్టి 105, 105, 112.5, 90. మొత్తం 412.5. బేస్‌లైన్ 1ని 75 నిమిషాలకు తీసేస్తే 337.5. విరామాలన్నీ సమానమనుకుని ఫార్ములా లాగితే తప్పు. 3:45కి బదులు 3:49కి తీస్తే 3:49 అనే రాయండి, లెక్కలో అదే వాడండి.

అక్షం

అసలు డెక్సాతో పిట్యూటరీని అణచి, మళ్లీ సీఆర్‌హెచ్‌తో లేపడమెందుకన్న ప్రశ్న వస్తుంది. తక్కువ మోతాదు డెక్సామెథాసోన్ మెదడులోకి సరిగా దూరదు, పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఎక్కువగా పిట్యూటరీ మీదే పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ బ్రేకు సీఆర్‌హెచ్‌ను దాదాపు అడ్డుకుంటుంది. డిప్రెషన్‌లో ఆ అణచివేతను అందుకునే రిసెప్టర్ మందకొడిగా ఉండటం, మెదడులోని హైపోథాలమస్ నుంచి వాసోప్రెసిన్ (ఏసీటీహెచ్‌ను పెంచే ఇంకో హార్మోన్) తోడవడం వల్ల బ్రేకు జారిపోతుందని వివరిస్తారు. అందుకే ఉత్త డెక్సా పరీక్షలో అణిగినట్టు కనిపించినవాళ్లలో కూడా కొందరు ఇక్కడ బయటపడతారు. సెన్సిటివిటీ 80 శాతం వరకు వచ్చిందని 1994లో మ్యూనిక్ బృందం రాసింది. తర్వాత అందరికీ అంత రాలేదు.

నా మాట అడిగితే దీని అసలు విలువ ఒక్కసారి చేయడంలో లేదు. చికిత్సకు ముందు ఒకసారి, రెండు మూడు వారాలకు ఇంకోసారి చేసి, తగ్గుదల ఉందా అని చూడటంలో ఉంది. రెండోసారి తగ్గినవాళ్లు తర్వాత బాగా కోలుకోవడం అధ్యయనాల్లో కనబడింది. ఖర్చు, సీఆర్‌హెచ్ దొరకడం ఇబ్బందైతే డెక్సా పరీక్షతో ఆగిపోండి, సగం సగం చేయొద్దు.

థైరాయిడ్_గొలుసు

కార్టిసాల్ ఒక్కటే కాదు, టీఆర్‌హెచ్ (పిట్యూటరీ చేత టీఎస్‌హెచ్‌ను విడుదల చేయించే హార్మోన్) పరీక్ష కూడా ఒకప్పుడు ఇదే ఆశతో చేశారు. 500 మైక్రోగ్రాములు నరంలోకి ఇచ్చి 0, 15, 30, 60 నిమిషాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) కొలిచేవారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుదల మొద్దుబారి ఉంటుంది, బేస్‌లైన్ టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నా. గీత 5 యూనిట్ల పెరుగుదల దగ్గర అని కొందరు, 7 అని కొందరు. మద్యం అలవాటు, పస్తులు, స్టెరాయిడ్లు, వయసు మళ్లిన మగవాళ్లు, అన్నిటా ఇదే మొద్దుదనం. ఇచ్చిన వెంటనే మూత్రం వచ్చినట్టనిపిస్తుంది, కాబట్టి ముందే వెళ్లి రమ్మనాలి. పడుకోబెట్టే ఇవ్వాలి.

సెరోటోనిన్‌ను తట్టి చూడటానికి ఫెన్‌ఫ్లురమిన్ ఇచ్చి ప్రొలాక్టిన్ కొలిచేవారు. గుండె కవాటాలు చెడుతున్నాయని 1997లో మందు వెనక్కి తీసుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. క్లోనిడిన్‌కు గ్రోత్ హార్మోన్ స్పందన ఇంకొకటి. బీపీ పడిపోతుంది, మత్తు వస్తుంది, పైగా గ్రోత్ హార్మోన్ తనంతట తానే అలలుగా లేస్తుంది కాబట్టి బేస్‌లైన్ ఎక్కువున్న రోజు పరీక్ష వృథా.

లాలాజలం

సూది లేకుండా కావాలంటే లాలాజలంలో కొలిచే, మేల్కొన్నప్పటి కార్టిసాల్ పెరుగుదల ఉంది. కళ్లు తెరిచిన క్షణం, 30 నిమిషాలు, 45 నిమిషాలు. మొదటి శాంపిల్‌లోనే అందరూ తప్పు చేస్తారు. లేచి, ముఖం కడిగి, ఫోన్ చూసి పావుగంటకు తీస్తే అప్పటికే కార్టిసాల్ సగం ఎక్కి ఉంటుంది. తర్వాతి అంకెలతో పోలిస్తే పెరుగుదలే లేనట్టు వస్తుంది. కాబట్టి గొట్టాలు మంచం పక్కనే, మేల్కొన్న సమయం ఆక్టిగ్రాఫ్‌తో (కదలికలు నమోదు చేసే చేతి పరికరం). పళ్లు తోమకూడదు, చిగుళ్ల రక్తం కలుస్తుంది. కాఫీ, తిండి, సిగరెట్ ఏదీ వద్దు. ఒక్కరోజు చాలదు, కనీసం రెండు రోజులు. డిప్రెషన్‌లో ఫలితాలు మాత్రం ఒక దారిన లేవు, కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ.

ప్రోటోకాల్_పుస్తకం

సరే, డెక్సా పరీక్ష 4, 11 శాంపిళ్లతో, డెక్సా స్థాయితో సహా. చివరి ప్రశ్న: అవుట్‌పేషెంట్లను రాత్రి 11కి రప్పించలేను, ఎలా?

వార్డు_గడియారం

4 గంటలది ఒక్కటే తీయండి, కొందరిని కోల్పోతామని పరిమితుల్లో రాయండి. ఇంట్లోవాళ్లకు ఒక్క శాంపిల్, వార్డువాళ్లకు రెండు తీసి రెండు గుంపులనూ పోల్చొద్దు. వార్డువాళ్లలో అణగనివాళ్లు ఎక్కువ తేలతారు, అది జబ్బు వల్లా, రెండో శాంపిల్ వల్లా అని ఎవరూ చెప్పలేరు. పోలిక కోసం అందరిదీ 4 గంటలదే వాడి, 11ది విడిగా చూపండి.

సెంట్రిఫ్యూజ్

ట్యూబు మీద తేదీతో పాటు గంట, నిమిషం, "డెక్సా తర్వాత" అన్న మాట తప్పకుండా రాయండి. అది లేకపోతే 0.9 అంకె చూసిన ల్యాబ్‌వాళ్లు అడ్రినల్ పనిచేయడం లేదేమోనని కంగారుపడి వార్డుకు ఫోన్ చేస్తారు.